నతానియేలు బావ, నంద్యాల పెన్ను

అందరికీ ఏ పనికైనా ముందు దాని ఆరంభం కనిపిస్తుంది. మా బావ నతానియేలుకు మాత్రం అంత్యదినం కనిపించేది. గొడుగు కొన్న రోజే అది గాలికి తిరగబడి కాలవలో కొట్టుకుపోతున్నట్టు అనిపించేది. మామిడిటెంక పాతితే, అది మొలిచి, చెట్టయి, దాని కొమ్మ విరిగి పక్కింటాయన నెత్తిన పడి, ఆయన పెళ్ళాంబిడ్డలు మా ఇంటి ముందు కూర్చుని ఏడుస్తున్నట్టు కళ్ళకు కట్టేది. వెంటనే ఆ టెంకను తవ్వి తీసేవాడు. "ఏమన్నా అయితే ఏంది గతి?" అన్నది ఆయన ఊతపదం. బడిపిల్లలు ఆయన్ను నతానియేలు సారు అనేవారు. తక్కిన ఆళ్లగడ్డంతా 'ఏమన్నా అయితే సారు' అనేది.

మా అక్క లూదియాతో ఆయన పెళ్ళి మా ఊరి చర్చిలో జరిగింది. "ఈ వివాహమునకు ఎవరికైనా అభ్యంతరమున్న యెడల ఇప్పుడే చెప్పవలెను" అని పాస్టరుగారు చదివారు. ఆనవాయితీగా చదివే మాట అది. ఎవరూ పలకరు. మా బావ మాత్రం గిరుక్కున వెనక్కి తిరిగి, చాపల మీద కూర్చున్నవాళ్ళ మొహాలన్నీ ఒక్కటొక్కటే వెతకసాగాడు.

పాస్టరుగారు చూసి చూసి, "నాయనా, పెళ్ళికూతురు ఇటుంది" అన్నారు.

"ఒక్క నిమిషం అయ్యగారూ. ఆ మూలనున్న ముసలాయన నోరు తెరుస్తాండాడు."

"ఆవలిస్తున్నాడు నాయనా."

మా అక్క పెళ్ళిముసుగులోంచే ఆయన చెయ్యి పట్టి ఇటు తిప్పింది. ఆ తిప్పడం ఆ రోజుతో మొదలు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, నేను ఆమె తమ్ముణ్ణి, యేసుదాసుని. బావ పనిచేసే బడిలోనే కింది తరగతులకు చెప్పేవాణ్ణి. ఉండటం వాళ్ళింటి పక్క గదిలో, తినడం అక్క చేతి సంగటి. కర్నూలు మన రాజధాని అయిన కొత్తలో, ఊళ్ళో అందరూ గర్వపడుతుంటే, ఈయన ముద్ద చేతిలో పట్టుకుని దిగులుపడ్డాడు. "కచేరీలన్నీ గుడారాల్లో పెట్టినారంట యేసుదాసూ. గాలివానొస్తే గవర్నమెంటు యాడికి పోతాది?" అన్నాడు. "యాడికీ పోదు గానీ, ముందు ఆ ముద్ద నోట్లోకి పోనీ" అంది అక్క.

ఆ ఏడే ఆయన హెడ్మాస్టరయ్యాడు. పెన్ను సంగతి అక్కడే మొదలైంది.

అంతవరకూ ఆయన రాత పుల్లకు పాళీ గుచ్చిన కలంతోనే. సిరాబుడ్డి ఒలికిపోతుందని బిరడా మీద గుడ్డ కట్టి, గుడ్డ మీద దారం చుట్టి, దాన్నొక రేకుడబ్బాలో పెట్టి, డబ్బాను సంచిలో దించి మోసేవాడు. అవన్నీ విప్పేసరికి రాయదలచుకున్నది మరిచిపోయేవాడు. కిందివాళ్ళం మేమందరం జేబులకు పెన్నులు తగిలించుకు తిరుగుతుంటే, హెడ్మాస్టరు మాత్రం డబ్బా చంకన పెట్టుకుని మంగలి మాదిరి వచ్చేవాడు.

అక్క ఒకరోజు తేల్చేసింది. "ఏమయ్యా, బడికి పెద్ద అయివారివైతివి. ఇంగా ఆ బుడ్డిని చంటిబిడ్డ మాదిరి గుడ్డల్లో చుట్టుకోని పోతాండావు. నంద్యాలకు పోయి ఒక పెన్ను కొనుక్కోరాపో."

"పెన్నా! అది జేబులో కారితే ఏంది గతి?"

"నేను ఉతుకుతా."

"ఎవడన్నా ఎత్తకపోతే?"

"పోతే పోయింది."

"గుచ్చుకుంటే? అది సరిగ్గా గుండెకాయ మీదుంటాది లూదియా!"

"నీ గుండెకాయ ఆడ లేదులేయ్యా. ఎప్పుడో కడుపులోకి జారింది" అని, కోడిగుడ్లమ్మి దాచుకున్న దుడ్లు ముడివిప్పి ఆయన చేతిలో పెట్టింది. కాపలాకు నన్ను తోడిచ్చింది.

బస్సులో ఆ దుడ్లను బావ పంచె మడతలో దోపుకుని, రెండు చేతులతో పొట్టను అదిమి పట్టుకున్నాడు. దొంగలు చూస్తారని కిందికీ పైకీ చూడకుండా, పళ్ళు బిగించి ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. సిరివెళ్ళ చేరకముందే పక్కసీటు పెద్దాయనకు జాలి కలిగింది.

"ఏమప్పా, కడుపునొప్పా?"

బావ నావైపు బిక్కచూపు చూశాడు. కాదంటే మరి పొట్ట ఎందుకు పట్టుకున్నావంటారు. అందుకని "ఊఁ" అన్నాడు. పెద్దాయన వాము తీసి ఇచ్చాడు. నమిలాడు. వెనక సీటు ముసలామె శొంఠి ఇచ్చింది. అదీ నమిలాడు. కండక్టరు బస్సాపి సోడా తెప్పించాడు. నంద్యాల చేరేసరికి మా బావకు నిజంగానే కడుపునొప్పి పట్టుకుంది.

బజారులో పెన్నులమ్మే రామయ్య శెట్టి మంచి ఓర్పుగల మనిషి. ఆ ఓర్పు ఎంతవరకు తట్టుకుంటుందో ఆ రోజు ఆయనకే తెలిసి ఉంటుంది. అద్దాలపెట్టెలోంచి ఆకుపచ్చని పెన్నొకటి తీసి బల్ల మీద పెట్టాడు. బంగారురంగు క్లిప్పు, లోపల తళతళలాడే పాళీ. దాన్ని చూడగానే బావ కళ్ళు పెద్దవయ్యాయి. వెంటనే భయం వచ్చి వాటిని చిన్నవి చేసింది.

"కింద పడితే?"

"పడకుండా పట్టుకోవాల సారూ."

"ఎండకు కరిగితే?"

"నంద్యాల ఎండకు నేనే కరగతాండా. దీని సంగతి నాకెట్ల తెలుస్తాది?"

"నేను చచ్చిపోయినాననుకో. అప్పుడో?"

"పెన్నుకేం గాదు సారూ" అన్నాడు శెట్టి భరోసాగా.

సిరా నింపి, కాయితం ముందు పెట్టి, రాసి చూసుకోమన్నాడు. బావ పెన్ను ఎత్తి పట్టుకుని ఆగిపోయాడు. "ఏం రాయాల?"

"అందరూ వాళ్ళ పేరు రాస్తారు."

"ఉత్త కాయితం మీద నా పేరు రాసి పోతే, ఎవడన్నా దాని పైన అప్పుపత్రం రాసుకుంటే ఏంది గతి?"

శెట్టి నావైపు చూశాడు. నేను పైకప్పువైపు చూశాను. చివరికి బావ బాగా ఆలోచించి, 'లూదియా' అని రాశాడు. "ఆమెతో ఎవడూ పెట్టుకోడు" అని నాకు గుసగుసగా చెప్పాడు.

ఇంకో లూదియా రాశాడు. ఇంకోటి. సిరా ఆగలేదు. వరుస నిండింది. కింది వరుసకు వచ్చాడు. ఆ నల్లని గీత సన్నగా, చక్కగా, పాళీ వెంట నీళ్ళకాలవ మాదిరి సాగుతూనే ఉంది. ఆయన మొహంలో నేనెప్పుడూ చూడని వెలుగొకటి వచ్చింది. నుదుటి మీద ఎల్లకాలం ఉండే ముడతలు కూడా పోయాయి. ఆ సంతోషంలో మైమరచి, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ చెయ్యి చాచి, శెట్టి తాగుదామని తెప్పించుకున్న టీగ్లాసులో పెన్నును ముంచాడు.

"సారూ, దానికి టీ అక్కర్లేదు" అన్నాడు శెట్టి. "నాకు కావాల."

తిరుగు ప్రయాణంలో పెన్ను జేబులో ఉంది. బావ రెండు చేతులూ ఎడమరొమ్ము మీద అదిమి పెట్టి, పళ్ళు బిగించి, ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. ఖర్మకొద్దీ అదే బస్సు, అదే కండక్టరు.

"అయ్యో సామీ! పొద్దున కడుపు, ఇప్పుడు గుండె!" అని వాడు పెట్టిన కేకకు బస్సంతా లేచింది. వెనకనున్న పొడుగుసీటు ఖాళీ చేసి ఆయన్ను పడుకోబెట్టారు. ఒకామె కొంగుతో విసిరింది. ఒకాయన అరికాళ్ళు రుద్దాడు. లేచి కూర్చుంటే పెన్ను బయటపడుతుందని ఆయన లేవలేదు. ఆళ్లగడ్డలో మోసి దించాక కండక్టరు నన్ను పక్కకు పిలిచి, "రేపు యాడికీ తీసుకపోవాకన్నా. ఇంగ మిగిలింది తలకాయొకటే" అన్నాడు.

ఆ పెన్నుతో మా బావ పడిన సంతోషం చెప్పాలంటే ఒక సంగతి చాలు. అది చేతిలో ఉన్నంతసేపూ ఆయనకు భయం ఉండేది కాదు. పొద్దున్నే వసారాలో కూర్చుని రాసేవాడు. రాయడానికేమీ లేకపోతే కాయితపు ముక్కల మీద 'చింతపండు' 'ధనియాలు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి అక్క డబ్బాలకు అంటించేవాడు. డబ్బాలు అయిపోయాక రోలుకు కూడా 'రోలు' అని అంటించాడు. "ఎవరన్నా మంచమనుకుంటారనా?" అని అక్క అడిగితే వినిపించుకోలేదు.

మూత పెట్టగానే మాత్రం భయం తిరిగొచ్చేది. అందుకని పెన్నుకు దారం కట్టి, ఆ దారాన్ని చొక్కా బొత్తాంకాజాకు ముడివేశాడు. ఎవరైనా అడిగితే మూత తన దగ్గరే ఉంచుకుని పెన్నిచ్చేవాడు. ఇంట్లో సాయంకాలం ప్రార్థనలో రోగులకోసం, ప్రయాణంలో ఉన్నవారికోసం ప్రార్థించాక, "ఈ పెన్నును కూడా ప్రభువా" అనేవాడు. ఆ 'ప్రభువా' తర్వాత పెన్నుకు రాగల కష్టాలన్నీ ఆయనకు విన్నవించడం మొదలయ్యేది. చారు చల్లారిపోతుందని అక్క మధ్యలోనే "ఆమెన్" అనేది.

ఒకసారి ఇన్స్పెక్టరుగారు బడి తనిఖీకి వచ్చి, సంతకానికి పెన్ను కోసం చెయ్యి చాచారు. బావ ఇవ్వక తప్పలేదు. పెన్ను ఇన్స్పెక్టరుగారి చేతిలోకి పోయింది. దారం వెంట చొక్కా పోయింది. చొక్కా వెంట మా బావ పోయాడు. ఇన్స్పెక్టరుగారు వంగి సంతకం పెడుతుంటే ఈయన ఆయన భుజం మీద గడ్డం ఆనించినంత దగ్గరగా వంగాడు.

"ఏమిటయ్యా ఇది? నా మెడ మీద ఊపిరి విడుస్తున్నావు!"

"దారం పొట్టిదండీ" అన్నాడు బావ.

ఆ లాగుడుకు కాజా చిరిగింది. చిరగడం అదే మొదలు కాదు, చివర కూడా కాదు. రెండు రోజులకోసారి ఆయన చొక్కా పట్టుకుని, మా వీధిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టే పరంజ్యోతి అనే పిల్ల ఇంటికి పోయేవాడు. ఒక కాజా కుట్టించుకోవడానికి ఇంత పొద్దేమిటయ్యా అని అక్క అంటే, "గట్టిగా కుట్టకుంటే ఏంది గతి?" అని జవాబు. వీధి అరుగుల మీద ఆడవాళ్ళు ఆ కాజా గురించి చెప్పుకుని పొట్టలు పట్టుకుని నవ్వేవారు.

అలాంటి మనిషి ఎండలు ముదురుతున్న ఒకరోజు పెన్ను లేకుండా బడికొచ్చాడు. జేబు ఖాళీ. దారం లేదు.

"బావా! పెన్నేది?"

"పోయింది" అన్నాడు, వేయించిన శనక్కాయ ఒలుచుకుంటూ.

"పోయిందా! యాడ?"

"యాడో. వస్తువన్నాక పోదా యేసుదాసూ? ఇంద, శనక్కాయలు తిను."

ఆ మాటలు మా బావ నోట్లోంచి వచ్చాయి!

ఊరు ఊరంతా వెతికింది. పిల్లలు బడి వెనకాల ముళ్ళకంపలు తిప్పి చూశారు. బస్సు కండక్టరు సీట్లు ఊడదీసి దులిపాడు. ఆదివారం పాస్టరుగారు ప్రకటన చేశారు. దొరక్కపోయేసరికి నవ్వులు మొదలయ్యాయి. "దారం కట్టి, మూత పట్టుకోని తిరిగినోని పెన్నే పోయిందంటే, ఇంగ మన కోళ్ళు మిగుల్తాయాప్పా?" అని ఒకడు. "దారం కూడా పోయిందంట. సారు మిగిలినాడు, సంతోషం" అని ఇంకొకడు. బావ అన్నీ విని, తలూపి, తన దారిన తాను పోయేవాడు.

అక్క మాత్రం నవ్వలేదు. ఒకరోజు నన్ను పొయ్యి దగ్గరకు పిలిచింది. ఆమె మొహం చూస్తే నాకు భయమేసింది.

"ఒరే, మీ బావ నిన్న గొడుగు లేకుండా బయటికి పోయినాడు. మొన్న గడియ పెట్టకుండా పండుకున్నాడు. నేను పాలు కింద పారబోసుకుంటే, 'పోనీలే' అన్నాడురా! ఆ మనిషికేమో అయింది."

"పెన్ను పోయిన దిగులేమోక్కా."

"దిగులుంటే నాకు తెలీదా? ఆ దిగులుతోనే గదా ఇన్నాళ్ళు కాపురం చేసినా. ఇది దిగులు లేని రోగం. లోపల ఏదో తెగింది. ఏమన్నా అయితే ఏంది గతి?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట అక్క నోట వినడం నాకదే మొదటిసారి.

ఆమె మళ్ళీ దుడ్లముడి విప్పింది. నంద్యాలకు పోయి అట్లాంటి పెన్నే ఇంకొకటి తెమ్మంది. అది చూస్తే మనిషికి భయం తిరిగొస్తుందేమోనని ఆశ. పనిలోపనిగా డాక్టరునొకమాట అడిగిరమ్మంది.

డాక్టరుగారు నేను చెప్పిందంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "భయం పోవడానికి మందడుగుతారు గానీ, రావడానికి అడిగిన మొదటివాడివి నువ్వే. పోయి పని చూసుకో" అన్నారు. నాకు దిగులు ఇంకా ఎక్కువైంది. డాక్టరుకే అంతుపట్టని రోగమన్నమాట అనుకుంటూ శెట్టి అంగడి వైపు నడిచాను.

దారిలో హైస్కూలు గేటు ముందు జనం. ఎనిమిదో తరగతి పబ్లిక్ పరీక్ష అయిపోయి పిల్లలు బయటికొస్తున్నారు. ఆ చిన్నపిల్లల మధ్యన, అందరికంటే తల ఎత్తుగా, ఒక పెద్దపిల్ల వస్తోంది. మా వీధి పరంజ్యోతి. పెద్దమ్మకు బాగలేదని, చూసి రావడానికి నంద్యాల పోతున్నానని వీధంతా చెప్పి వచ్చిన పరంజ్యోతి. నన్ను చూసి టక్కున కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"యేసుదాసన్నా! నువ్వేంది ఈడ?"

"నేనడగాల్సింది అది. మీ పెద్దమ్మ ఎనిమిదో తరగతి చదువుతాందా?"

ఆ పిల్ల తల వంచుకుంది. చెయ్యి ముందుకు తెచ్చి మెల్లగా విప్పింది. వేళ్ళనిండా సిరా. అరచేతిలో ఆకుపచ్చ పెన్ను.

బంగారురంగు క్లిప్పు చూసి గుర్తుపట్టాను.

"దొంగిలించలేదన్నా" అంది కంగారుగా. "సారే ఇచ్చినాడు."

గోడనీడకు పోయి నిలబడ్డాం. పరంజ్యోతికి ఈ పరీక్ష కొత్త కాదు. ఇదివరకొకసారి ప్రైవేటుగా కట్టింది. పాసైతే టీచరు ట్రైనింగులో చేరవచ్చని ఆశ. ఆ రోజు కంగారులో సిరాబుడ్డి జవాబుల కాయితం మీద ఒలికింది. తుడుచుకుంటూ, ముంచుకుంటూ, మళ్ళీ తుడుచుకుంటూ ఉండగానే గంట కొట్టారు. తప్పింది. అప్పట్నించి మా వీధివాళ్ళకు ఆమె 'పరీక్షమ్మ' అయింది. "పరీక్షమ్మా, నా రైక పాసా ఫెయిలా?" అని కుట్టుకు గుడ్డ ఇచ్చేవాళ్ళు కూడా అడిగేవారు. ఇక జన్మలో ఆ ఊసెత్తనని ఆ పిల్ల ఒట్టుపెట్టుకుందని నాకూ తెలుసు.

"ఒట్టు సారే తీయించినాడన్నా" అంది. "కాజా చిరిగిందని వస్తాండె గదా. అన్నిసార్లు అది తానుగా చిరుగుతాదా? ఇంటికాడ్నే చించుకోని వచ్చేవాడు. నేను కుడతాంటే ఆయప్ప లెక్కలు చెప్పేవాడు. బయట అరుగుల మీద నవ్వుకుంటాండ్రి. 'నవ్వనీలేమ్మా, వాళ్ళు కాజాను చూసి నవ్వుతాండారు, ఈడ పాఠం అయితాంది' అనేవాడు."

"మరి ఆయన భయం?"

"భయమా!" ఆ పిల్ల నవ్వింది. "పాఠాలకంటే ముందు అవే చెప్పించినాడు. ప్రశ్న తెలీకుంటే ఏంది గతి? పక్కనామె ఏడిస్తే ఏంది గతి? తలకాయ తిరిగితే, చెప్పు తెగితే, పేరు మరిచిపోతే? అన్నీ అడిగి, ఒక్కొక్కదానికి నాతోనే జవాబు చెప్పించినాడు. ఈ పొద్దు లోపల కూచున్నాక చూసుకుంటే, భయపడదామన్నా కొత్తది ఒక్కటీ మిగల్లేదన్నా."

పెన్నును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. తర్వాత అడిగాను. "పెన్ను నీకిచ్చినానని చెప్తే పోయేది గదా. పోయిందని చెప్పుకోని ఊరంతా నవ్వించుకోడమేంది?"

"నేనూ అదే అంటి. 'నీకిచ్చినానంటే పరీక్ష సంగతి బయటపడతాది. ఏమన్నా అయితే మళ్ళా నిన్ను చూసి నవ్వుతారు. నన్ను చూసి నవ్వడం ఊరికి అలవాటే, నాకూ అలవాటే. నీకు అలవాటు కాకూడదు' అన్నాడు."

"మా అక్కకన్నా చెప్పొచ్చు గదా."

"అక్క ఇచ్చిన దుడ్లతో కొన్నది గదన్నా. 'ఎట్ల అడగాలో నాకు నోరు రావడం లేదు' అన్నాడు."

శెట్టి అంగడికి పోకుండానే బస్సెక్కాను. ఆళ్లగడ్డలో బస్సు ఆగీ ఆగకముందే కిటికీ దగ్గర మా బావ మొహం. నుదుటి మీద ముడతలన్నీ ఉన్నాయి. ఉన్నవి చాలవన్నట్టు కొత్తవి కూడా వచ్చాయి. నేను నంద్యాల పోయానని తెలిసి ఎండలో ఎంతసేపటినుంచి నిలబడ్డాడో, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"నంద్యాలలో... నీకు ఎవరన్నా అగపడినారా?" అన్నాడు, కిటికీ ఊచ పట్టుకుని.

"అగపడినారు బావా. అన్నీ రాసిందంట. ఒక్క చుక్క ఒలకలేదంట."

ఆయన అక్కడే, బస్టాండులో నేలమీద కూర్చుండిపోయాడు. ఎదురుగా ఉన్న కండక్టరు పరుగెత్తుకొచ్చి, "చెప్పలా! తలకాయొకటే మిగిలింది, అదీ అయింది!" అని నెత్తిన నీళ్ళు కుమ్మరించాడు.

అక్కకు, అంగడి మూసి ఉందని చెప్పాను. నావైపొకసారి, తడిసిన బావవైపొకసారి చూసి, దుడ్లు లెక్కపెట్టి మళ్ళీ ముడివేసుకుంది. ఆ రోజునుంచి నాకూ నిద్ర కరువైంది. బావా నేనూ మడిలో కొంగల మాదిరి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడకుండా దిగులుపడేవాళ్ళం. అక్కకు కొంచెం ధైర్యం వచ్చింది. మనిషికి రోగం నయమై భయం తిరిగొస్తోంది కదా అని.

ఫలితాలు వచ్చిన రోజు పరంజ్యోతి నంద్యాలకు పోయి చూసుకుని, బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చింది. సారు పెన్ను సారుకు ఇచ్చేద్దామని చేతిలో పట్టుకునే వచ్చింది. తలుపు తీసింది బావ కాదు, అక్క. జొన్నపిండి చేతులతో నిలబడి ఆ పెన్నును చూసింది. పిల్ల మొహం చూసింది. వెనక్కి తిరిగి బావను చూసింది. బావ అప్పటికే గాదె చాటుకు పోయాడు. నేను ఆయన వెనకాల ఉన్నాను.

పొయ్యి మీద ఎసరు కుతకుతమంటోంది.

"ఇది... సారుది అక్కా" అని పిల్ల మొదలుపెట్టి, అక్కడే ఏడుపుగొంతుతో అంతా చెప్పేసింది. అక్క కదలకుండా విన్నది.

"పాసా?" అంది చివరికి.

"పాసే అక్కా."

అక్క లోపలికి పోయింది. ఏదో వెతుకుతున్న చప్పుడు. చీపురు తెస్తోందేమోనని బావ నా భుజం పట్టుకున్నాడు. ఆమె తెచ్చింది నిండు సిరాసీసా. పరంజ్యోతి రెండో చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"ట్రైనింగుకు పోతావు గదమ్మా. పెన్నిచ్చి సిరా ఇయ్యకుంటే ఎట్ల? రెండూ నీవే."

తర్వాత గాదెవైపు తిరిగింది. "ఏమయ్యా, ఇట్ల రా. నాకు ఏల చెప్పలేదు?"

"నువ్వు ఒద్దంటే ఏంది గతి అని..."

"ఒద్దంటే ఇయ్యకుండా ఉంటివా?"

బావ నోరు తెరిచాడు. ఎన్నో సంగతులు ముందూ వెనకా ఆలోచించి గానీ ఒక మాట అనని మనిషి, ఈసారి క్షణం కూడా ఆగలేదు. "ఇచ్చేవాణ్ణే" అన్నాడు. అనేసి తానే ఉలిక్కిపడ్డాడు.

అక్క ఆయన్ను కొత్తగా చూసినట్టు చూసింది. పిండిచేతులు కొంగుకు తుడుచుకుని, గడప దాటి వీధిలోకి దిగింది. మా అక్క వీధిలో గొంతెత్తగా నేనెప్పుడూ వినలేదు. మొదటి అరుగు దగ్గరే ఎత్తింది.

"ఏమమ్మా రంగమ్మా, వింటివా? మన పరంజ్యోతి పాసైంది! పబ్లిక్ పరీక్ష!"

తర్వాతి ఇల్లు. "ఓ భారతమ్మత్తా! పరంజ్యోతి పాసు! టీచరమ్మ కాబోతాంది!"

అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడ్డారు. పరంజ్యోతి సిరాసీసాను గుండెకు అదుముకుని నవ్వుతూ ఏడుస్తూ మా గడపలో నిలబడింది. బావ చెప్పులు కూడా వేసుకోకుండా, "మెల్లగా లూదియా, రాళ్ళుండాయి, పడతావు" అంటూ ఆమె వెనక పరుగెత్తుతున్నాడు.

అక్క ఒక్క తలుపూ వదలకుండా వీధి కొస దాకా పోయింది. అక్కడ ఆగి, ఇళ్ళు ఇంత తొందరగా అయిపోయాయేమిటన్నట్టు అటూ ఇటూ చూసింది. ఆ తర్వాత కొంగు నడుముకు బిగించి, బస్టాండువైపు తిరిగింది.